తెల్ల డబ్బా కింద పేరు

మా షాపులో కంప్యూటర్ ముందు కొత్తగా కూర్చున్నవాళ్లకు గిద్యోను అన్న మొదట నేర్పేది టైపింగ్ కాదు, భయం. "డిలీట్ కొట్టకు బిడ్డా, కప్పెయ్యి" అంటాడు. చేవెళ్ల బస్టాండు ఎదురుగా ఉన్న ఆ షాపు ఆయనదే. పెళ్లికార్డులు, చర్చి కరపత్రాలు, బోర్లు వేసేవాళ్ల బిల్లు పుస్తకాలు, అన్నీ ఒకే పాత సాఫ్ట్‌వేర్‌లో తయారవుతాయి. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. అయినా మా దగ్గరున్న తెలుగు అక్షరాలు అందులోనే అందంగా కూర్చుంటాయి కాబట్టి దాని అలకలన్నీ భరిస్తున్నాం.

ఆ అలకలు నాకు కంఠతా వచ్చు. కొత్త ఫైలు తెరవమంటే మూసుకుపోతుంది. అందుకని ఏదో ఒక పాత ఫైలు తెరిచి, అందులో పేర్లు మార్చి, వేరే పేరుతో దాచుకుంటాం. అంటే చేవెళ్ల చుట్టుపక్కల వేసే ప్రతి పెళ్లికార్డూ అంతకుముందు ఇంకెవరిదో పెళ్లికార్డే. పాత ఫైళ్లలో కొన్ని ముక్కలు మొండికేస్తాయి. తీసెయ్యబోతే తెరమీదికి ఎర్ర గుర్తు వచ్చి ఫైలే మూసుకుపోతుంది. అట్లాంటి ముక్క మీద తెల్ల డబ్బా గీసి కప్పెయ్యడం తప్ప వేరే మందు లేదు. కాగితం తెల్లగా ఉంటుంది, డబ్బా తెల్లగా ఉంటుంది, కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది?

ఆ నమ్మకంతోనే నా పెళ్లికార్డు కూడా నేనే చేసుకున్నాను. రెండోసారి.

మొదటిసారి కార్డు చేసినప్పుడు పెళ్లికొడుకు పేరు మల్లేశ్. మొయినాబాద్‌లో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. వాళ్లమ్మ బాలమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంటమనిషి. ఆ కార్డు అంచు నేనే గీశాను, సీతాఫలం ఆకులు, మధ్యమధ్య బంతిపూలు. కార్డు చూసి మల్లేశ్ ఫోన్ చేసి, "పువ్వులను గింత మంచిగ గీసినవ్, నా ఫోటో గూడ జర మంచిగ చెయ్యరాదు పూర్ణిమా?" అన్నాడు. ముక్కు వంకర తగ్గించడం నా వల్ల కాదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కార్డులు పంచడం అయిపోయి, పందిరికి గుంజలు తెచ్చిన రోజు అతను మొయినాబాద్ రోడ్డు మీద లారీ కింద పడ్డాడు.

శవం లేపేటప్పుడు బాలమ్మ నన్ను చూసి ఒక్కటే మాట అన్నది. "నువ్వు కాలు పెట్టకముందే నా ఇల్లు కూల్చినవ్." ఆమె ఏడుపులో అన్న మాట అది. ఊరు మాత్రం దాన్ని తీర్పులా పట్టుకుంది. మా వీధిలో పని మీద బయల్దేరినవాళ్లు నేను ఎదురొస్తే ఆగి, చెప్పులు సర్దుకుంటున్నట్టు నటించి, నేను పోయాక కదిలేవాళ్లు. మీ చెప్పులు అరిగిపోను అనుకునేదాన్ని. పైకి అంత పొగరు చూపించినా లోపల భయం గూడు కట్టుకుంది. నాలో నిజంగానే ఏదో ఉందేమోనని అద్దం ముందు నిలబడి నా మొహాన్ని నేనే అనుమానంగా చూసుకునేదాన్ని.

కొన్నేళ్లకు శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు నుంచి సంబంధం వచ్చింది. సుధాకర్ దొంతన్‌పల్లిలో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్. సంగతంతా తెలిసే నన్ను చూడ్డానికి వచ్చాడు, చాయ్‌లో చక్కెర తక్కువైందని కూడా మొహమాటం లేకుండా చెప్పాడు. నాకు నచ్చాడు. వాళ్లమ్మ అంతమ్మకే ఇష్టం లేదు. ఆమె చెడ్డది కాదు, భయస్తురాలు. భర్త పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. మిగిలిన ఒక్క కొడుకూ ఆ తీగల పనే పట్టుకున్నాడు. ఆఖరికి ఒప్పుకుంటూ మా బాపు మైసయ్యకు షరతు పెట్టింది.

"ఆ పోయిన పిలగాని పేరు నా గడప తొక్కొద్దు. ఎన్నడన్న తొక్కిందా, పెండ్లి ఆడికే బంద్."

బాపు ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

నా పాత కార్డు ఫైలు తెరవకుండా ఉండాల్సింది అని మీరంటారు. అనడం తేలిక. షాపులో ఉన్న పాత ఫైళ్లన్నీ వేరేవాళ్ల అంచులతో ఉన్నాయి, ఆ ఆకులు, పువ్వులు మాత్రం నావి. మల్లేశ్‌తో పాటు వాటిని కూడా ఎందుకు కాటికి పంపాలి? ఫైలు తెరిచాను. తేదీ మార్చాను, పైన నా పేరు పక్కన సుధాకర్ పేరు పెట్టాను. కింద మధ్యలో మల్లేశ్ పేరు మళ్లీ ఉన్న ముక్కను పట్టుకుని డిలీట్ కొట్టాను.

ఎర్ర గుర్తు వచ్చింది. ఫైలు మూసుకుపోయింది.

మళ్లీ తెరిచి కొట్టాను. మళ్లీ అదే. అది చెడిపోయిన ముక్క అని నాకు తెలుసు, అట్లాంటివి వందల్లో చూశాను. అయినా మల్లేశే పోనంటున్నాడు అనిపించింది.

డీటీపీ ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను, ఎవరి పేరో చెప్పకుండా. విండోస్ మళ్లీ ఎక్కించమని ఒకాయన, ఫైలును ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చమని ఒకాయన. మార్చి చూశాను, అక్షరాలన్నీ పురుగుల్లా చెదిరిపోయాయి. ఇంకొకాయన దండం గుర్తు ఒక్కటి పెట్టి ఊరుకున్నాడు. వెనకనుంచి గిద్యోను అన్న తొంగిచూసి, పేరు చదివి, నా తలమీద చెయ్యిపెట్టాడు. "కప్పెయ్యి బిడ్డా. ఎందుకు కొట్లాడుతవ్ దానితోటి?" అన్నాడు. కప్పేశాను. మా ప్రింటర్ మీద ఒక కాపీ తీసి చూశాను. శుభ్రంగా ఉంది. ఫైలు మొయినాబాద్ ప్రెస్సుకు పంపేశాను.

మా కులంలో పెళ్లికార్డుల కట్ట ఆడపెళ్లివారు విప్పరు. ప్రెస్సు నుంచి కట్ట కట్టినట్టే పెళ్లికొడుకు ఇంటికి తీసుకుపోతారు. పెళ్లికొడుకు తల్లి తన చేత్తో కట్ట విప్పి, మొదటి కార్డు నాలుగు మూలలకూ పసుపు రాసి ఇచ్చాకే పంచడం మొదలవుతుంది. మొదటిసారి బాలమ్మ రాసింది. ఈసారి అంతమ్మ రాయాలి.

కార్డులు తయారయ్యాయని ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చిన రోజు బాపు తెల్ల ధోతీ కట్టుకుని, బండి తుడుచుకుని పొద్దున్నే మొయినాబాద్ పోయాడు. నేను షాపులో ఎవరిదో గృహప్రవేశం కార్డు చేస్తున్నాను. గిద్యోను అన్న ఫోన్ చూసుకుంటూ, "గిదేంది, చూసినవా" అని నా ముందు పెట్టాడు. గ్రూపులో శంకర్‌పల్లి ఆపరేటర్ ఒకతను ఒక కరపత్రం ఫోటో పెట్టాడు. ఎరువుల దుకాణం కరపత్రంలో కొత్త ఫోన్ నంబర్ కింద పాత నంబర్ కూడా అచ్చయింది. "కొత్త మెషిన్ల తెల్ల డబ్బలు నిలుస్తలేవు. తెలుపంటే సిరా లేదని అనుకుంటున్నది, కింద ఏముంటే అది కొడుతున్నది. జర చూస్కోండ్రి" అని రాశాడు.

 ప్రెస్సులో జయరాజ్‌కు ఫోన్ చేశాను.

"జయరాజన్నా, మా కార్డులు పాత మెషిన్ మీద కొట్టిన్రా, కొత్త దాని మీదనా?"

"కొత్త దాని మీదనే. మీ బాపు ఎప్పుడో తీస్కపోయిండు. ఏమైంది?"

"ఒక్క వేస్ట్ షీటు చూడు అన్నా. నీ కాళ్లు మొక్కుత."

కాగితాల చప్పుడు వినిపించింది.  "పేర్లు ఎవలు చదువుతరు పూర్ణిమా, మేము రంగు చూస్తం" అన్నాడు మెల్లగా. ఫోటో పంపాడు. పైన నా పేరు, సుధాకర్ పేరు. కింద ఖాళీగా ఉండాల్సిన చోట, నా సీతాఫలం ఆకుల మధ్య, బంగారు రంగులో *చి. మల్లేశ్*.

బాపుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి మీద ఉంటే ఎత్తడు, నేనే ఒట్టు పెట్టించాను, ఆ రోడ్డు మీద ఫోన్ ఎత్తొద్దని. మళ్లీ చేశాను. మళ్లీ. వేరే దారి లేక సుధాకర్‌కు చేశాను. మల్లేశ్ పేరు అతని ముందు నేను ఎన్నడూ అనలేదు. 

"కార్డుల మీద... మల్లేశ్ పేరు పడ్డది. కప్పిన గానీ మెషిన్ల ఆగలే. బాపు మీ ఇంటికే వస్తున్నడు. కట్ట విప్పనియ్యకు."

 "నేను పోతున్న. నువ్వు భయపడకు" అన్నాడు. భయపడొద్దని చెప్పేవాళ్ల గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

గిద్యోను అన్న స్కూటీ తాళాలు నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. శంకర్‌పల్లి రోడ్డు పట్టుకుని పోయాను. దారిలో ఏమేం దాటానో గుర్తులేదు. పెళ్లి కాకుండా అత్తగారి ఊరు పోవడమే తప్పు. గేటు ముందు నిలబడితే ఎవరేమంటారో అన్న భయం కూడా ఉంది. దాన్ని మించిన భయం ముందు అది నిలబడలేదు.

బాపు బండి వాకిట్లోనే ఉంది.

అరుగు మీద అంతమ్మ కూర్చుని ఉంది. పక్కన పసుపు గిన్నె. విప్పిన కట్ట. ఆమె చేతిలో కార్డు, వేళ్లకు పసుపు. మూడు మూలలకు రాసి, నాలుగో మూల దగ్గర ఆగిపోయింది. బాపు ఎదురుగా నిలబడి, "నాకు తెల్వదు వదినా, నా బిడ్డ మీద ఒట్టు" అంటున్నాడు. 

నేను గేటు బయటే ఆగాను. "అత్తమ్మా, బాపు తప్పు లేదు. కార్డు నేను చేసిన. పాత పేరు తీసెయ్యబోతే పోలేదు, పైన తెలుపు కప్పిన. మెషిన్ల తెలుపు రాలేదు" అన్నాను. చెబుతుంటేనే నాకు పిచ్చిమాటల్లా వినిపించాయి. ఎవరు నమ్ముతారు?

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "కప్పినా లేసొచ్చిండు" అన్నది. ఆమె కళ్లలో ఉన్నది కోపం కాదు, ఉత్త భయం. 

క్యాంపస్‌లో పని మధ్యలో ఇరుక్కుని ఆలస్యమైన సుధాకర్ బైకు అప్పుడొచ్చి ఆగింది. అంతమ్మ ఒక్కసారిగా లేచి చేతులు అడ్డం పెట్టింది. "నువ్వు లోపటికి రాకు! ఆడనే ఉండు!"

"అమ్మా, గది కాయితం."

"మీ నాయినకు గూడ గది ఉత్త తీగనే."

సుధాకర్ గేటు దగ్గరే బైకు మీద ఉండిపోయాడు.   నా పెళ్లి ఆగిపోయిందని, ఈసారి చేవెళ్లలో ఎవరూ చెప్పులు సర్దుకుంటున్నట్టు కూడా నటించరని అనుకున్నాను. అంతమ్మ కార్డును అరుగు అంచున పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది.

"ఆ పిలగాని తల్లి ఉన్నది గదా. ఆమె ఉసురు మీద నా కొడుకు పెండ్లి చెయ్య. పోయి ఆమెను అడగుండ్రి. ఆమె నోటితోటి ఆమె సరే అంటే చేస్త. కాదంటదా, ఈ కట్ట మీరే తీస్కపోండ్రి."

బాపు అరుగు కింద కూలబడ్డాడు. లేచి రాలేకపోయాడు. నేను మూడు మూలలకు పసుపున్న ఆ కార్డు తీసుకున్నాను. సుధాకర్ బైకు ముందు, నా స్కూటీ వెనక. అజీజ్‌నగర్ దాకా అతని బైకు వెనక లైటు తప్ప నేనేమీ చూడలేదు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బ్రేకు మీద నా చెయ్యి బిగుసుకుపోయింది. నాలో ఏదన్నా ఉంటే, అది అతన్ని పట్టుకోవద్దని ఏ దేవుడో తెలియకుండా మొక్కుకున్నాను.

ఫామ్‌హౌస్ వాచ్‌మన్ మమ్మల్ని వెనక పక్క గదుల దగ్గరికి పంపాడు. బాలమ్మ నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది. చిక్కిపోయింది. నన్ను చూడగానే చేతిలో గిన్నె కింద పెట్టింది. వెళ్లిపొమ్మంటుందని, అదే మాట మళ్లీ అంటుందని ఎదురుచూశాను. నాకు నోరు రాలేదు. కార్డు చాపాను.

ఆమె తడి చేతులు తుడుచుకుని తీసుకుంది. పసుపున్న మూలలు చూసింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంటూ కిందికి వచ్చింది. వేలు ఆగింది.

"గీడ మావోడు ఉన్నడు" అన్నది. తర్వాత, "చిరంజీవి అని ఉన్నది" అన్నది.

అబద్ధం చెప్పడం తేలికే. మీ కొడుకును యాదికి పెట్టుకున్నాం అంటే సరిపోయేది. అంతమ్మ అడిగిన మాట ఇట్టే దొరికేది. సుధాకర్ నా వైపు చూశాడు. ఆమె వేలు ఆ పేరు మీద ఉండగా ఆ అబద్ధం చెప్పలేకపోయాను.

"అత్తమ్మా, పేరు తీసెయ్యబోయిన. పోలేదు. తెలుపు పెట్టి కప్పిన. మెషిన్ల తప్పయి వచ్చింది. మీకు చూపెట్టాలని చెయ్యలే. ఈయన తల్లి భయపడ్డది. మీరు సరే అంటెనే పెండ్లి అన్నది."

బాలమ్మ చాలాసేపు కార్డునే చూసింది. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. గోడకు ఒక ఫోటో పటం, దాని మీద తువాల కప్పి ఉంది.

"నేను గూడ కప్పిన బిడ్డా. వాని మొకం చూస్తే నిన్నన్న మాట యాదికొస్తది. ఏడుస్త ఏడుస్త అన్న. గానీ తల్లి కడుపుల నుంచి వచ్చిన మాట తగుల్తదంటరు. ఏడాదికేడాది నీకు పెండ్లి కాలేదని విన్నప్పుడల్లా, నా మాటనే తగిలిందని భయమైతుండె. నేనే నిన్ను ముంచిన అనుకున్న."

నాకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లు నన్ను నేను అద్దంలో వెతుక్కుంటుంటే, ఇక్కడ ఈమె ఆ భయాన్నే తువాల కింద దాచుకుంది. ఆమె తువాల తీసింది. మల్లేశ్ ముక్కు వంకరగానే ఉంది. నేను తగ్గించని ఆ ముక్కే.

బాలమ్మ వంటగదిలోకి పోయి పసుపు తడిపి తెచ్చింది. ఖాళీగా ఉన్న నాలుగో మూలకు రాసింది. కార్డు నాకు తిరిగి ఇవ్వలేదు, పటం చట్రంలో దోపింది. "గిది నాకుండనీ. గీడన్న వాడు చిరంజీవిగ ఉంటడు. తక్కినయి మల్ల కొట్టిచ్చుకోండ్రి" అన్నది. సుధాకర్ వైపు తిరిగి, "మీ అమ్మకు కలుపు" అన్నది.

సుధాకర్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల అంతమ్మ "ఏమాయె కొడుకా" అన్నది.

"వదినా, నేను మల్లేశ్ తల్లిని" అన్నది బాలమ్మ.

ఆ పేరు ఫోన్‌లోంచి అంతమ్మ గడప తొక్కేసింది. 

"మావోడు అడ్డం రాడు వదినా. నా ఉసురు గూడ ఈ పిల్లకు తగలది, పసుపు పెట్టి చెప్తున్న. నా బిడ్డ లేడు. నీ బిడ్డన్న సల్లగుండాలె. నువ్వు పిలుస్తే పెండ్లికి వస్త, పిలువకుంటే ఈడికెల్లే అచ్చింతలు ఏస్త."

 ఫోన్ తెగిపోయిందేమోనని సుధాకర్ తెర చూశాడు. తెగలేదు. ఆ తర్వాత అంతమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"రా వదినా" అన్నది. "జర ముందుగల్ల రా. పసుపు దంచేటప్పుడే రా."